వద్దనే మాటకు చోటు

జూన్ తొమ్మిదో తారీకు పొద్దున ఆరూ నలభైకి రెండువందల పన్నెండు ఊళ్ల చేలల్లో విత్తనాలు ఒక్కసారే నిద్రలేచాయి. వాటిని లేపిన త్రివేణి ఆ సమయానికి అనంతపురంలో తన ఇంటి వంటగదిలో నిలబడి, పాలు పొంగకుండా చూస్తోంది. పాలు పొంగలేదు. ఆ రోజు ఆమె సరిగ్గా చూసుకున్న పని అదొక్కటే.

విత్తనాలు నిద్రపోవడమేమిటని అడగొచ్చు. ఆ జిల్లాలో వేరుశనగ వేసేవాళ్లకు మొదటి వాన ఎప్పుడూ ఆశపెట్టి మోసం చేస్తుంది. చినుకు పడగానే ఊరంతా ఒక్కరోజే విత్తడానికి గొర్రు కట్టాలి. కూలీలు దొరకరు. తంటాలు పడి విత్తాక వాన ఆగిపోయి బెట్ట వస్తే మొలక మాడిపోతుంది. పెన్నాగట్టు సీడ్స్ అనే కంపెనీ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. గింజకు ఉల్లిపొర కన్నా పలచని పూత. ఆ పూత ఉన్నంతకాలం గింజ తడి నేలలో కూడా కదలకుండా పడుకుంటుంది. కాబట్టి ఎండాకాలంలోనే తీరుబడిగా, పొడి దుక్కిలో విత్తుకోవచ్చు. ఊరి పక్కన ఒక టవరు ఉంటుంది. దాని ఇనుపకాలు నేలలోకి ముప్పై అడుగులు దిగి ఉంటుంది. మంచి వాన పడి నేల తడిశాక ఆ టవరు రెండు నిమిషాల సేపు సన్నగా వణుకుతుంది. చేలో నిలబడినవాళ్లకు అరికాళ్ల కింద చీమలు పాకినట్టు ఉంటుంది. అంతే, పూత చిట్లుతుంది, గింజ లేస్తుంది. ఒకసారి లేచిన గింజను మళ్లీ పడుకోబెట్టడం మాత్రం దాన్ని కనిపెట్టినవాళ్ల తరం కూడా కాదు.

మొదటి రెండేళ్లు పద్నాలుగు ఊళ్లలోనే ప్రయోగం చేశారు. అప్పుడు లేపే పని కుళ్లాయప్పది. ఆయన కంపెనీ తరఫున ఊళ్లలో తిరిగే మనిషి, యాభై ఏడేళ్లవాడు. ఆఫీసులో వాతావరణం కంప్యూటరు 'వాన చాలు' అనగానే పాత మోపెడ్ వేసుకుని ఊరూరూ బయల్దేరేవాడు. ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ పదును చెప్పే మనిషి ఒకరుంటారు. నేలలో తడి విత్తనానికి ఎక్కువా తక్కువా కాకుండా సరిపడా ఉండటమే పదును. నల్లబోయనపల్లిలో అది చెప్పేది సుంకమ్మ. చేనుకు పైగట్టున ఒకచోట, నడుమ ఒకచోట, దిగువన ఒకచోట పారతో జానెడు తవ్వి, పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికి, మోకాలెత్తున ఎగరేసి పట్టుకునేది. ముద్ద చెదిరిపోతే తడి చాలదు. వేళ్లకు అంటుకుంటే ఎక్కువైంది. ముద్ద నిలిచి, బొటనవేలితో నొక్కితే విడిపోయిందంటే అప్పుడు "ఊ" అనేది. ఆమె అరచేతికి చెమట పట్టదని, అందుకే ఆమె లెక్క తప్పదని ఊళ్లో నమ్మకం. ఆమె "ఊ" అన్నాకే కుళ్లాయప్ప టవరుకు ఫోను కొట్టేవాడు. కొన్ని ఊళ్లకు ఒక్కపూట పట్టేది, కొన్నిటికి నాలుగు రోజులు. "ఇంగో వాన కావల్లప్పా, పో" అని వెనక్కి పంపిన రోజులూ ఉన్నాయి. ఆ రెండేళ్లలో పద్నాలుగు ఊళ్లలోనూ ఒక్క చేను ఎండలేదు.

ఈ సుంకమ్మ త్రివేణికి సొంత చిన్నమ్మ. తన ఊళ్లో హైస్కూలు లేక ఆరో తరగతి నుంచి పది దాకా త్రివేణి ఆమె ఇంట్లోనే ఉండి చదువుకుంది. ఈ సంగతి ఊళ్లలో తిరిగే కుళ్లాయప్పకు తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు. తాను దాచలేదనీ, చెప్పే సందర్భం రాలేదనీ త్రివేణి అనుకునేది.

మూడో ఏడు ఊళ్లు రెండువందల పన్నెండయ్యాయి. మోపెడ్ మీద తిరిగి అన్ని ఊళ్లను లేపడం అయ్యే పని కాదు. కంపెనీలో నాలుగు కంప్యూటరు వ్యవస్థలున్నాయి. వానను అంచనా వేసేదొకటి. నేలలో గుచ్చిన కడ్డీల నుంచి తడి చదివేదొకటి. ఏ రైతు ఏ చేలో ఏ రకం విత్తాడో రాసుకునేదొకటి. టవర్లను నడిపేదొకటి. నాలుగూ నలుగురు వేర్వేరు కాలాల్లో తయారుచేసినవి, ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరిగే తోటికోడళ్ల లాంటివి. వీటి మధ్య మాటలు కలపడం త్రివేణి ఉద్యోగం. అందులో ఆమెకు పన్నెండేళ్ల అనుభవం ఉంది, ఆ అనుభవానికి తగిన గర్వం కూడా ఉంది.

ఫిబ్రవరిలో ఒక మీటింగు జరిగింది. తేల్చాల్సిన ప్రశ్న ఒకటే. నాలుగు వ్యవస్థలనూ నేరుగా ఒకదానికొకటి కలిపేస్తే చాలా, లేక వాటి పైన ప్రాసెస్ టూల్ అనేదొకటి కొని పెట్టాలా? అది అమ్మడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పని ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోవడం, ఎవరి మాట కోసం ఆగాలో వాళ్లను అడగడం, జవాబు రాకపోతే మళ్లీ అడగడం, వద్దంటే ఆ ఒక్క పనినీ ఆపి వెనక్కి తిప్పడం, ఇదీ దాని వరస అని వివరించాడు.

త్రివేణికి ఆ టూలంటే పాత కసి ఉంది. అంతకుముందు పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో, గోదాములో ఎన్ని పెట్టెలున్నాయో ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి చెప్పడానికి ఇలాంటిదే పెట్టారు. పదకొండు మంది సరే అనాలి. అందులో ఒకాయన తన పెళ్లికని సెలవు పెట్టి వెళితే, ఆయన సరే అనేదాకా నాలుగు రోజులు మందుల పెట్టెలు గోదాము గడప దాటలేదు. అప్పటి నుంచి ఆమె దగ్గర ఒక కొలత ఉంది. కొత్తగా చేరినవాళ్లకు అదే నేర్పేది. ఒక యంత్రం మాట ఇంకో యంత్రానికి రెప్పపాటులో చేరి పని తీరిపోతే అక్కడ టూలు దండగ. పని రోజుల తరబడి సాగేదైతే, మధ్యలో ఆగి వెనక్కి తిరగాల్సి వస్తే, 'ఇప్పుడెక్కడిదాకా వచ్చింది' అని ఎవరో ఒకరు అడిగేదైతే, అన్నిటికన్నా ముఖ్యంగా నడుమ ఎక్కడైనా ఒక మనిషి సరే అనాల్సి ఉంటే, టూలు లేకుండా ఆ పని ముట్టుకోకూడదు. మంచి కొలతే. ఈనాటికీ అందులో తప్పు పట్టడానికి లేదు.

బెంగళూరు ఆయన కూడా ఆ చివరి ప్రశ్నే అడిగాడు. "ఈ మొత్తంలో ఎక్కడైనా మనిషి సరే అనే మెట్టు ఉందా మేడమ్?"

త్రివేణి నోరు తెరిచేలోపే కంపెనీ యజమాని శ్రీకర్ అందుకున్నాడు. ఆయన హైదరాబాదు మనిషి, చెడ్డవాడు కాదు, మాట విసరడం మాత్రం సరదా. "ఎందుకు లేదండీ? మా దగ్గర ఒకావిడ ఉంది. మట్టి ముద్ద చేసి గాల్లోకి ఎగరేస్తుంది. అది దిగొచ్చి ఏం చెబితే ఆవిడ మాకు అదే చెబుతుంది!"

గదిలో అందరూ నవ్వారు. ఆ ఎగరేసే మనిషిని ఎరిగినది అక్కడ త్రివేణి ఒక్కతే. అయిదేళ్లు ఆ చేత్తో కలిపి పెట్టిన ముద్దలు తిన్నది. ఆమె కూడా నవ్వింది. పెద్దగా కాదు. తనను ఎవరూ ప్రత్యేకంగా చూడకుండా ఉండటానికి ఎంత నవ్వాలో అంతే నవ్వింది.

ఆ సాయంత్రం ఒక పేజీ నోటు రాసింది. 'మనిషి అనుమతి అవసరమా?' అన్న గడిలో 'లేదు' అని, పక్కన 'స్థానిక అలవాటు మాత్రమే' అని రాసింది. రాస్తున్నప్పుడు ఆమె చెవులు వేడెక్కాయి. టూలు అక్కర్లేదని తేల్చినందుకు శ్రీకర్ మెచ్చుకున్నాడు. నెలన్నరలో నాలుగు వ్యవస్థలనూ కలిపేసింది. వాన లెక్కా, కడ్డీల తడీ కుదరగానే మరునాడు పొద్దున టవర్లన్నిటికీ ఒకే మాట వెళుతుంది. పద్నాలుగు ఊళ్లకు కుళ్లాయప్పకు నాలుగు రోజులు పట్టిన పని రెండువందల పన్నెండు ఊళ్లకు మూడు నిమిషాల్లో అయిపోతుంది. కుళ్లాయప్పను నల్లబోయనపల్లి పక్కనే ఉన్న విత్తనాల గోదాములో కూర్చోబెట్టారు.

జూన్ ఏడు రాత్రి వాన పడింది. మరునాటికి లెక్క కుదిరింది. ఎనిమిదో తారీకు సాయంత్రం నాలుగు దాటాక త్రివేణి ఫోను మోగింది.

"త్రివేణమ్మా, నేను కుళ్లాయప్పను. ఎవరూ చెప్పమనల్యా గానీ, మనసొప్పక చేస్తాండా. మీ చిన్నమ్మ చేను తవ్వి చూసింది. దిగువన బాగుండాదంట. పైగట్టున నాలుగు వేళ్ల కింద పొడి దుమ్మే. వద్దంటాంది. పక్క మూడూళ్లలో గూడా అదే మాట. మా నాలుగూళ్లను రేపు లేపొద్దమ్మా."

"నల్లబోయనపల్లి టవరు దగ్గర తడి బాగానే చూపిస్తోంది కదన్నా?"

"టవరు కాడ గుంతలో నీళ్లు నిలబడిండాయి తల్లీ. ఆడ కప్పలు గూడా అరుస్తాండాయి. చేలల్లో యాడుండాయి నీళ్లు?"

కడ్డీలు టవరు కాళ్ల దగ్గరే గుచ్చారు, కరెంటు అక్కడే ఉంది కనక. ఆ మాట వినగానే త్రివేణికి విషయం అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎవరితోనైనా అనగలిగేది గానీ, తనతో తాను అనుకోలేకపోయింది.

"చూస్తానన్నా," అంది.

"అంతే చాలమ్మా. నువ్వు చూస్తానంటే అయిపోయినట్టే. ఊళ్లో చెప్తా, భయపడొద్దని." ఆయన గొంతులో బరువు దిగిపోవడం వినిపించింది.

ఫోను పెట్టేసి ఆమె తెర వైపు చూసింది. తాను కలిపిన ఆ ఏర్పాటులో ఒక ఊరు వద్దనడానికి ఎక్కడా చోటు లేదు. ఆపితే మొత్తం ఆపాలి. చాలా ఊళ్లలో నిజంగానే మంచి వాన పడింది. వాటిని ఆపితే రెండు రోజుల్లో ఆ తడి ఆరిపోతుంది. నాలుగూళ్లను విడదీయాలంటే పూటంతా కూర్చుని చేత్తో మార్చాలి, శ్రీకర్ ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటే కారణం చెప్పాలి. మట్టి ముద్ద ఎగరేసే ఆవిడ వద్దందని చెప్పాలి. ఆవిడ మా చిన్నమ్మ అని చెప్పాలి. నోటులో రాసిన 'లేదు' తప్పని, ఆ తప్పు తెలిసే రాశానని చెప్పాలి. శ్రీకర్ నంబరు రెండుసార్లు తీసింది, రెండుసార్లూ మూసేసింది. కడ్డీల లెక్క నిజమే కావచ్చులే, రెండో వాన వెంటనే పడుతుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆరింటికి ఇంటికి బయల్దేరి, దారిలో కాకరకాయలు కొనుక్కుంది.

మరునాడు పొద్దున టవర్లు వాటంతట అవే వణికాయి. తెర మీద రెండువందల పన్నెండు ఊళ్ల పక్కనా 'పూర్తయింది' అని పడింది.

ఆ తర్వాత పందొమ్మిది రోజులు చినుకు లేదు. నూటయాభైనాలుగు ఊళ్లలో నేల లోపల తడి పట్టుకుని ఉండటంతో మొలకలు నిలదొక్కుకున్నాయి. యాభైఎనిమిది ఊళ్లలో రెండాకులు వేసి, ముడుచుకుని, మాడిపోయాయి. ఆ ఊళ్లలో ఉన్న విత్తనమంతా నేలపాలైంది. మళ్లీ వేయడానికి ఆ ఏడు ఇంక గింజ లేదు. కుళ్లాయప్ప ఫోను చేసి తిడతాడేమోనని త్రివేణి రోజూ ఎదురుచూసింది. ఆయన చేయలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

జూన్ నెలాఖరున ఆఫీసులో కూర్చున్నారు. "వాన మన చేతిలో లేదు కదా. నాలుగింట మూడొంతుల ఊళ్లు దాదాపు గట్టెక్కాయి," అన్నాడు శ్రీకర్. "మిగతా ఊళ్ల సంగతి అడిగితే ఏం చెబుదాం? క్షేత్రం నుంచి సమాచారం సకాలంలో అందలేదని రాద్దాం. నిజమే కదా? ఆ కుళ్లాయప్ప అక్కడే ఉండి ఏం చేస్తున్నట్టు? తడి లేకపోతే ఆయన మనకు ఒక్క ఫోను చేయొద్దా?"

త్రివేణి ఫోను బల్ల మీదే ఉంది. అందులో జూన్ ఎనిమిది, నాలుగూ ఏడు నిమిషాలకు కుళ్లాయప్ప పేరు ఉంది. ఆమె దాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"ఆయన్ని తీసేస్తే ఊళ్లవాళ్లు కూడా కాస్త చల్లబడతారు," అన్నాడు శ్రీకర్.

"ఒక్క వారం ఆగండి సార్," అంది త్రివేణి. ఎందుకని ఆయన అడిగితే చెప్పేసేదేమో. ఆయన అడగలేదు. సరేనని తలూపి ఇంకో విషయంలోకి వెళ్లిపోయాడు. ఆమెకు ఒక వారం దొరికింది. తాను నోరు విప్పకపోతే ఆ వారం తర్వాత ఒక ముసలాయన కూడూ పరువూ రెండూ పోతాయి.

నాలుగు రోజులు ఊరికే గడిచాయి. అయిదో రోజు బస్సెక్కి నల్లబోయనపల్లికి వెళ్లింది.

సుంకమ్మ చేను దగ్గరే ఉంది. త్రివేణిని చూడగానే మొహం విప్పారింది. "ఏం పాపా, ఇంత ఎండలో వచ్చినావు? చెప్పింటే మీ చిన్నాయన బస్టాండు కాడికి వస్తాండె గదా!" అని కొంగుతో ఆమె మొహం తుడిచింది. తర్వాత వంగి ఒక మొలకను పెరికి చూపించింది. ఆకులు పొగాకు రంగులోకి తిరిగాయి, వేరు దారప్పోగులా ఎండి ఉంది. "చూడు. పాపం లేసింది గానీ, తాగను నీళ్లు ల్యాకపాయ."

ఇంట్లో సంగటి వేడిగా పెట్టింది. పక్కన రోట్లో నూరిన పచ్చిమిరప ఊరిబిండి. పెడుతూ మాట్లాడుతూనే ఉంది. "ఆ కుళ్లాయప్పను నమ్మి చెడిపోయినాం. నేను వద్దంటే వద్దని చెప్పినా. ఆఫీసోళ్లకు చెప్పినా, ఆపుతారు, భయపడొద్దని ఆయప్ప ఊరంతా చాటినాడు. మేం ధైర్యంగా పండుకున్నాం. పొద్దున చూస్తే కాళ్ల కింద నేల వణుకుతాంది. నా మాటను యాడ పారేసినాడో ఏమో! ఇస్కూలు ముందర నిలబెట్టి అడిగితే, నా తప్పేనప్పా, సరిగ్గా చెప్పలేకపోయినా అన్నాడు. ఇప్పుడు ఊళ్లో ఆయప్పకు ఎవరూ గుక్కెడు నీళ్లు గూడా ఇయ్యరు."

 త్రివేణి చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది.

"చిన్నమ్మా, ఆయన సరిగ్గానే చెప్పినాడు." ఆఫీసు భాష పోయి ఊరి భాష వచ్చేసింది. "నాకే చెప్పినాడు. ముందురోజు సాయంత్రం. నువ్వు వద్దన్నావని, పైగట్టున పొడి ఉండాదని, అంతా చెప్పినాడు. నేను చూస్తానన్నా. చూడల్యా."

సుంకమ్మ నిలబడిన చోటే కూర్చుంది.  బయట పాలిచ్చే ఎనుము ఒకటి గొలుసు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"నాకు చెప్తే ఏం లాభం?" అంది. "ఆయప్పను నిలబెట్టింది నేనొక్కదాన్నే కాదు, ఊరు. లేయ్. చెయ్యి కడుక్కో."

అయిదు గంటలకు పాలకేంద్రం దగ్గర ఊళ్లో సగం మంది ఉంటారు. క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కుళ్లాయప్పకు త్రివేణే ఫోను చేసి రమ్మంది. ఆయన దూరంగా, రోడ్డు అవతల, మోపెడ్ పక్కన నిలబడ్డాడు. ఇవతలికి రావడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. త్రివేణి నిలబడి చెప్పింది. ఎలా చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూనే వచ్చింది గానీ, అనుకున్న వాక్యాలేవీ నోటికి రాలేదు. కుళ్లాయప్ప చెప్పాడని, తాను విన్నానని, ఆపలేదని, అంతే వచ్చింది.

"అంటే మా మాట నీకు ముట్టింది," అన్నాడు పాలు కొలిచే తిప్పేస్వామి, కొలపాత్ర పక్కన పెట్టి.

"ముట్టింది."

"మీ చిన్నమ్మ మాటని తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు ఆపల్యా?" ఈసారి అడిగింది సుంకమ్మ. జనం మధ్యలోంచి, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది.

ఒక ఊరిని విడిగా ఆపే ఏర్పాటు లేదని చెప్పొచ్చు. అది నిజం కూడా. కానీ ఆ ఏర్పాటు ఎందుకు లేదో తనకు తెలుసు. "ఆపాలంటే నువ్వు మట్టి పట్టి చూసినావని ఆఫీసులో చెప్పల్ల," అంది త్రివేణి. "అంతకుముందు ఆ మాట వస్తే అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. నువ్వు నా మనిషివని చెప్పడానికి నాకు నామోషీ అయింది. పదును చూసి సరే అనే మెట్టు అక్కర్లేదని రాసిచ్చింది నేనే."

ఎవరూ తిట్టలేదు. తిప్పేస్వామి కొలపాత్ర తీసుకుని మళ్లీ పాలు కొలవడం మొదలుపెట్టాడు. వరస కొంచెం కదిలింది. ఎవరో ఆడమనిషి లోపలికి వెళ్లి ఒక గ్లాసు టీ తెచ్చి, రోడ్డు దాటి, కుళ్లాయప్ప చేతికి ఇచ్చింది. ఆయన ఆ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు, తాగకుండానే ఇటు వచ్చాడు.

"పాపను ఏమనొద్దండప్పా," అన్నాడు. "చిన్నపిల్ల. పెద్దోళ్ల మధ్యలో నోరు లేసుండదు."

త్రివేణికి ముప్పై ఆరేళ్లు. ఆ మాట వింటూ అక్కడ నిలబడటం ఆమె జీవితంలో చేసిన పనులన్నిటికన్నా కష్టమైంది. తిట్లు తింటే ఎంతో కొంత తీరిపోతుంది. ఇది తీరేది కాదు. సుంకమ్మ తన క్యాను తీసుకుని, వెనక్కి చూడకుండా ఇంటి వైపు నడిచింది. త్రివేణి ఆరింటి బస్సుకు అనంతపురం వచ్చేసింది.

మరునాడు శ్రీకర్‌కు ఫోనులోని పేరు, సమయం చూపించింది. ఫిబ్రవరి నోటును మళ్లీ రాసి ఇచ్చింది. ఈసారి ఆ గడిలో 'ఉంది' అని రాసి, కింద తన సంతకం పెట్టింది. శ్రీకర్ రెండుసార్లు చదివాడు. ఆయన మొహం కూడా ఎర్రబడింది, మీటింగులో ముందు నవ్వించింది తానే అని గుర్తొచ్చిందేమో. కుళ్లాయప్పను తీసేయాలన్న మాట ఇక రాలేదు. త్రివేణిని కూడా తీసేయలేదు. ఆ నాలుగు వ్యవస్థలనూ ఎలా కలిపిందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు, అదీ కారణం. పంపించేసి ఉంటే కొంత ఊపిరి ఆడేది. రోజూ అదే కుర్చీలో కూర్చుని, తాను వద్దన్న టూలునే తెప్పించి, దాన్ని తన చేత్తోనే అమర్చింది.

ఇప్పుడు ప్రతి ఊరిదీ వేరే పని. వాన పడిందంటే ఆ ఊరి పని మొదలై, ఒక మనిషి మాట కోసం ఆగుతుంది. ఎన్ని రోజులైనా ఆగుతుంది. అడిగినా జవాబు రాకపోతే మళ్లీ అడిగిస్తుంది. వద్దంటే ఆ ఊరి టవరు ఒక్కటే ఆగుతుంది, పక్క ఊరిది ఆగదు. ఎక్కడెక్కడ ఏ ఊరు ఎవరి మాట కోసం కూర్చుందో తెర మీద కనబడుతుంది. చూడటానికి వచ్చినవాళ్లు చాలా బాగుందన్నారు. త్రివేణి ఆ తెర ముందు ఎక్కువసేపు నిలబడేది కాదు.

టూలుకు రెండు పేర్లు కావాలి. ప్రతి ఊరికీ పదును చెప్పే మనిషి పేరు ఒకటి, వాళ్లను అడిగే మనిషి పేరు ఒకటి. జనవరి నుంచి త్రివేణి ఊరూరూ తిరిగి ఆ పేర్లు రాసుకుంది. నల్లబోయనపల్లిలో అందరూ సుంకమ్మ పేరే చెప్పారు. సుంకమ్మ మాత్రం ఊళ్లో లేదు. పంట పోయాక ఎనుములను అమ్మేసి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ బెంగళూరుకు పోయారు. అక్కడ పదహారు అంతస్తుల మేడ ఒకటి కడుతుంటే ఇటుకలు మోస్తున్నారు. ఆమెకు యాభై ఆరేళ్లు.

ఫిబ్రవరి మొదటి వారంలో త్రివేణి అక్కడికి వెళ్లింది. మధ్యాహ్నం అన్నం వేళ. సుంకమ్మ ఇసుక కుప్ప పక్కన నీడలో కూర్చుని టిఫిను డబ్బా విప్పుతోంది. తల నిండా సున్నం దుమ్ము. త్రివేణిని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. ఏడు నెలల తర్వాత ఇద్దరూ ఎదురుపడటం అదే.

"తిన్న్యావా?" అని అడిగింది.

"తిన్నా చిన్నమ్మా," అని అబద్ధం చెప్పింది త్రివేణి.

వచ్చిన పని చెప్పింది. కొత్త ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చెప్పింది. నల్లబోయనపల్లి టవరు ఇక నీ మాట లేకుండా కదలదు, నువ్వు నెల రోజులు వద్దన్నా నెల రోజులూ ఆగుతుంది అని చెప్పింది. సుంకమ్మ శ్రద్ధగా విన్నది. ఒకటి రెండు ప్రశ్నలు అడిగింది. తనకు జ్వరమొస్తే ఎవరిని అడుగుతారంది. ఇంకో పేరు కూడా రాస్తామని త్రివేణి చెబితే, అది మంచి పనే అంది.

"ఉగాది దాటినాక ఊరికి వచ్చేస్తాం. చేను ఇడిచిపెడతామా? నా పేరు రాసుకో."

త్రివేణి రాసుకుంది. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎన్ని నెలలుగానో అనుకుంటున్న మాట ఇప్పుడు అనొచ్చనిపించింది. "అడిగే మనిషి పేరు గూడా రాయల్ల చిన్నమ్మా. మన ఊరికి నా పేరే రాసుకొచ్చినా. వాన పడిన రోజే నేనే వచ్చి, నీ పక్కనే నిలబడి అడుగుతా."

సుంకమ్మ డబ్బా మూత పక్కన పెట్టింది. ఆమె మొహంలో కోపమేమీ లేదు.

"నువ్వొద్దులే పాపా," అంది. "కుళ్లాయప్పను అడగమను."

"ఇంగా నా మీద..."

"అది కాదు. ఆయప్ప అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తా. నువ్వు వచ్చి నిలబడితే, వద్దంటే నీకు ఆఫీసులో యేమవుతాదో, మళ్లీ నీ మొగం చిన్నబోతాదో అని చూస్తా. తడి చాలకపోయినా చాలునంటానేమో. నిన్ను బాధపెట్టడం నాకు చాతకాదు. ఊరికి మళ్లీ అన్యాయమైపోతాది."

అని డబ్బాలోంచి ఒక ముద్ద తీసి, ఎప్పటిలాగే, ముందు ఆమెకు అందించింది.

త్రివేణి ఆ ముద్ద తీసుకుంది. ఎడంచేత్తో, కన్నీళ్లకు సరిగ్గా కనబడకపోయినా, అడిగే మనిషి గడిలో తన పేరు కొట్టేసి కుళ్లాయప్ప పేరు రాసింది.